ఖాళీ ఇళ్ళలో కాపురం

లువాన్ షూఛిన్ ఆ ఏడు చలి మొదట్లో ఐదు ఇళ్ళు నడిపింది. అందులో ఒక్కటే ఆమెది.

పొద్దున్నే మొగుడికి కొర్రగంజి తాగించి, ముక్కుకి పెట్టిన గాలిగొట్టం సరిచేసి, తాళాలగుత్తి పట్టుకుని మెట్లెక్కేది. నాలుగో అంతస్తు ఎడమ ఇంట్లో తెరలు పక్కకి లాగి, కిటికీకి అడ్డంగా ఒక మగవాడి చొక్కా ఆరేసేది. ఐదో అంతస్తు బాల్కనీలో క్యాబేజీలు వరసగా పేర్చేది. ఎదురింట్లో రేడియో పెట్టి, గొంతు పెంచి, తలుపేసి వచ్చేది. రెండో అంతస్తులో కిటికీ అద్దం లోపల ఒక టీ సీసా. రోజూ దాన్ని కొంచెం జరిపేది. చీకటి పడ్డాక మళ్ళీ ఎక్కి దీపాలు వేసేది, ఆర్పేది. ఒక ఇంట్లో ఎనిమిదింటికి, ఇంకో ఇంట్లో తొమ్మిదిన్నరకి.

"అందరూ ఒక్కసారే పడుకుంటే అనుమానం రాదూ?" అంది నాతో.

నేను పక్క మెట్లదారిలో ఉంటాను. మా భవనానికి మూడు మెట్లదారులు, ఒక్కోదానికి ఆరంతస్తులు, అంతస్తుకి రెండిళ్ళు. మా మెట్లదారిలో ఇంకా ఏడు కాపురాలున్నాయి. ఆవిడ ఎక్కే మెట్లమీద ఆ వేసవితో ఆమె కాపురం ఒక్కటే మిగిలింది.

షీషాన్‌లో మూడో గని కాలనీ అంటే ఒకప్పుడు చైనా ఈశాన్య మూలన మా హేలుంగ్‌జియాంగ్ రాష్ట్రమంతా తెలిసిన పేరు. బొగ్గున్నన్నాళ్ళూ పిల్లని బాలవాడిలో చేర్చాలంటే పుట్టకముందే పేరు రాయించాలనేవారు. ఇప్పుడా బాలవాడిలో ముసలివాళ్ళం పేకాడుకుంటున్నాం, ఆ చిన్న కుర్చీలమీదే, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే. దేశం లేచి నిలబడిందని పేపర్లు రాస్తాయి. అబద్ధం కాదు. భూమి తొలిచే జట్టుతో ముప్ఫై ఏళ్ళు దేశమంతా తిరిగినవాణ్ణి, దక్షిణాన సముద్రం పక్కన ఊళ్ళు వెదురు మొలకల్లా లేవడం కళ్ళారా చూశాను. ఆ మొలకలకి నీళ్ళు ఎక్కణ్ణుంచి తోడారో తెలియాలంటే మాత్రం మా మెట్లెక్కాలి.

ఇంతకీ ఐదు అన్న లెక్క ఎందుకంటే, ఆ ఏడు వాడ కమిటీ ఒక నోటీసు అంటించింది. ఏ మెట్లదారిలో ఐదు కాపురాలకి తక్కువుంటే ఆ మెట్లదారికి ఇళ్ళు వెచ్చబరిచే వేడినీటి గొట్టం మూసేస్తారు. ఉన్నవాళ్ళు చలి ముదరకముందే ఏడో నంబరు భవనంలోకి మారాలి. కాగితాలు చూస్తే మా కాలనీలో ఇప్పటికీ నాలుగువేల మంది ఉన్నారు. పోయినవాళ్ళెవరూ పేరు కొట్టేయించుకుని పోలేదు మరి. అందుకని కాగితం నమ్మక, చూసి లెక్కపెట్టి రమ్మని మనిషిని పంపుతున్నారు. అక్టోబరు ఎనిమిదిన లెక్క, పదిహేనున వేడి.

పాతకాలపు రాజులు పొయ్యి లెక్కన పన్ను వేసేవారని చదివాను. జనం రెండు కుటుంబాలు ఒకే పొయ్యిమీద వండుకుని తప్పించుకునేవారట. సైన్యం చిన్నదైన ఒక సేనాపతి, రోజురోజుకీ పొయ్యిలు పెంచుకుంటూ పోయి శత్రువుని బెదరగొట్టాడన్న కథ ఇక్కడ బడిపిల్లలకి కూడా తెలుసు. షూఛిన్ వదిన ఐదో తరగతి దాటలేదు. ఆమె చేసింది ఆ సేనాపతి పనే. ఆయన వెనక కొద్దిమందైనా నిజం సైనికులుండేవారు.

ఆమె దగ్గరికి తాళాలెలా వచ్చాయంటే అదీ మా ఊరి పద్ధతే. వేడి వదిలేముందు ఒకరోజు గొట్టాల్లో చన్నీళ్ళు నింపి చూస్తారు. ఆ రోజు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరుండాలి. లేకపోతే ఎక్కడో కారి కింద మూడిళ్ళు తడిసిపోతాయి. అందుకని ఊరు వదిలేవాళ్ళు, "వదినా, నీళ్ళు నింపే రోజు కాస్త చూడు" అని తాళం ఆమె చేతిలో పెట్టి పోయేవారు. తిరిగొచ్చి తీసుకున్నవాళ్ళు తక్కువ.

ఆమె మొగుడు తోంగ్, గనిలో ముప్ఫైయొక్క ఏళ్ళు రాయి తొలిచాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో సిమెంటులా గట్టిపడింది. మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం, దానికి రెండున్నర మీటర్ల గొట్టం. ఆయన లోకం కూడా అంతే, మంచం, కుర్చీ, కిటికీ. మరుగుదొడ్డికి పోవాలంటే యంత్రాన్ని షూఛిన్ కుక్కపిల్లలా వెంట లాక్కెళ్ళాలి. గొట్టం తీస్తే పదడుగులకే పెదాలు నల్లబడతాయి. పేలుళ్ళకి చెవులు కూడా సగం పోయాయి.

అలాంటి మనిషిని మూడో అంతస్తునుంచి దింపడం ఎలా? లిఫ్టు లేదు. రెండేళ్ళ క్రితం పక్క భవనంలో అదే జబ్బు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఆస్పత్రికని దింపారు. చేతిలో ఆక్సిజన్ సంచి ఉంది. రెండో మలుపులో ఒకడి కాలు తడబడింది, కుర్చీ దించి సర్దుకునేలోగా సంచి ఖాళీ అయింది, ఆయన పోయాడు. మోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఆ సంగతి తోంగ్‌కి తెలుసు.

"నన్ను దింపొద్దే," అనేవాడు పెళ్ళాంతో. "దింపితే ఎలా దిగుతానో నాకు తెలుసు."

"దింపనులే. వేడి వస్తుంది."

"రాకపోతే?"

"వస్తుందన్నాగా. నోరు మూసుకుని గాలి పీల్చు, అది ఒక్కటే నీ పని."

వేడి రాకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మా దగ్గర జనవరిలో సున్నాకి ముప్ఫై డిగ్రీలు కిందికి పోతుంది. చల్లగాలి ఒక్క గుక్క లోపలికి పోతే తోంగ్ అరగంట దగ్గుతాడు.

సరదా మాటలూ ఉండేవి, ఏడుపొక్కటే అయితే ఎవరు భరిస్తారు? ఓ రోజు నేను కూర్చుని ఉండగానే తోంగ్ అడిగాడు: "ఏమేవ్, ఇవాళ ఎంతమందికి వండావ్?"

"నీకొక్కడికే. పైవాళ్ళు నీలాగా తిండిపోతులు కారు. క్యాబేజీని చూసి కడుపు నింపుకుంటారు."

"నాలుగో అంతస్తులో చొక్కా ఆరేస్తున్నావట. ఎవడిదది?"

"నీకంటే బాగా ఊపిరి పీల్చేవాడిది."

నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గేసరికి ఆమె ముఖం పాలిపోయింది.

ఆ ఇళ్ళలో భయం గురించి ఆమె ఎవరితోనూ అనేది కాదు. ఒకసారి నాతో అంది, అదీ వేరే మాటల మధ్య. తలుపు తీయగానే లోపల ఎవరో ఇప్పుడే లేచి పక్కగదిలోకి వెళ్ళినట్టుంటుందట. గోడమీద పెళ్ళిఫొటోలో జంట, ఆమె ఎటు నడిస్తే అటే చూస్తున్నట్టుంటుందట. ఐదో అంతస్తులో తలుపు చట్టంమీద పిల్ల ఎత్తు కొలిచి గీసిన గీతలున్నాయి, భుజం దాకా వచ్చి ఆగిపోయాయి. "అక్కడ చూడను తమ్ముడూ. తల దించుకుని పోయి దీపమేసి వస్తా."

ఒక్క ఇంట్లోకి మాత్రం ఆమె అడుగు పెట్టలేదు. ఆరో అంతస్తు కుడివైపుది. అక్కడ నియే అనే ఒంటరి ముసలాయన ఉండేవాడు, గనిలో లాంతర్ల గది కాపలాదారు. ముందటేడు చలికాలం పోయాడు. పందొమ్మిది రోజులు మేమెవరం కనుక్కోలేదు. కనుక్కోకపోవడానికి కారణం చెబితే సిగ్గు. రోజూ కిటికీలో దీపం వెలుగుతూనే ఉంది, ఉన్నాడులే అనుకున్నాం. చివరికి తాళాలు తెరిచేవాణ్ణి పిలిచి ఇనప తలుపు బద్దలుకొట్టించారు. ఆ ఇంటి కొత్త తాళం కూడా ఆయన అన్న కొడుకొకడు వచ్చి షూఛిన్ చేతిలోనే పెట్టి పోయాడు. గుత్తిలో ఆ తాళంచెవికి ఆమె ఎర్రదారం చుట్టింది, పొరపాటున కూడా చెయ్యి పడకుండా.

అక్టోబరు ఏడున రెండో అంతస్తు ఇంటివాళ్ళ తాలూకు మనిషెవడో బండి వేసుకొచ్చి, కిటికీ చట్రాలు కూడా ఊడదీసుకుని పోయాడు. ఒక్క పూటలో ఆ ఇల్లు పళ్ళూడిన నోరయింది. ఐదు నాలుగయ్యాయి. గుత్తిలో వాడకుండా మిగిలింది ఎర్రదారం తాళంచెవి ఒక్కటే.

ఆ సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చింది. "తమ్ముడూ, నీకు మాటలెక్కువ కదా. రేపు వాటితో పనుంది."

"ఏం చెయ్యాలి వదినా?"

"లెక్కకి వచ్చేది మెంగ్. వాడికి మోకాళ్ళ నొప్పులు, కిందనుంచే చూసి పోదామనుకుంటాడు. పైకెక్కుదామన్న బుద్ధి పుట్టకుండా నువ్వు కబుర్లలో పెట్టు. పది నిమిషాలు చాలు."

ఒప్పుకున్నాను. తప్పని తెలుసు, అయినా ఒప్పుకున్నాను. ఆ కుర్చీ బరువు నా భుజంమీదనుంచి అప్పటికింకా దిగలేదు.

మర్నాడు పది దాటాక సన్నగా మొదటి మంచు మొదలైంది. మెంగ్ వచ్చాడు. యాభైయెనిమిదేళ్ళ మనిషి, బొచ్చు టోపీ, చేతిలో పుస్తకం. నేను సిగరెట్టిచ్చి పట్టుకున్నాను.

"రిటైర్మెంటు ఎప్పుడు మెంగ్?"

"నన్నడక్కు. నేనొక అడుగేస్తే అది రెండడుగులు అవతలికి జరుగుతోంది. మోకాళ్ళు మాత్రం నాకంటే ముందే రిటైరయ్యాయి."

"ఎక్కనక్కర్లేదులే, అన్నీ ఇక్కణ్ణుంచే కనపడతాయి."

ఆయన తలెత్తి వేలితో లెక్కపెట్టడం మొదలెట్టాడు. మూడో అంతస్తు, తోంగ్. నాలుగో అంతస్తు, చొక్కా. ఐదు, క్యాబేజీలు. ఐదు ఎదురిల్లు, రేడియో. నేను ఉత్తరాన తైగా మంచు అడవుల్లో ఎలుగుబంటి మా గుడారం చించిన కథ ఎత్తుకున్నాను. అంతలో ఆరో అంతస్తు కుడివైపు కిటికీ తెరుచుకుని, గట్టుమీదికి ఒక పూల బొంత జారింది. బొంత వెనక మనిషి కనపడలేదు. మెంగ్ ఐదో వేలు మడిచాడు.

పైన జరిగింది తర్వాత ఆమె చెబితే తెలిసింది.

ఆమె ఎప్పుడూ తాళాలగుత్తిని బయట తాళంలోనే వేలాడదీసి లోపలికి పోయేది, మరిచిపోకుండా. ఆ రోజూ అంతే. ఊపిరి బిగబట్టి, కుడి ఎడమలు చూడకుండా నియే మంచం దాటి, కిటికీ తీసి బొంత పరిచింది. గాలి దూసుకొచ్చింది. వెనక ఇనప తలుపు ధడాలున మూసుకుంది.

వెళ్ళి చూస్తే లోపలివైపు పిడి లేదు. దాని చోట గుడ్డికన్నులా ఒక రంధ్రం. ఆయన్ను కనుక్కున్న రోజు బద్దలుకొట్టిన తలుపు అది. బయటి తాళం మార్చారు గానీ, లోపలి పిడి ఎవరు వేయిస్తారు? లోపల ఉండేదెవరని?

సెల్‌ఫోను కింద కోటు జేబులో ఉంది. కోటు తోంగ్ మంచానికి మూడు మీటర్ల దూరంలో, మేకుకి.

అరవొచ్చు. అరిస్తే మెంగ్ పైకొస్తాడు, ఖాళీ ఇళ్ళన్నీ చూస్తాడు. అరవకపోతే, ఆయన వెళ్ళాక నేనైనా వస్తానని ఆమె లెక్క. అరగంట ఓపిక పడితే చాలనుకుంది. కిటికీ కింద నేలమీద కూర్చుంది, కనపడకుండా. కళ్ళెదురుగా నియే మంచం. పరుపు తీసేశారు, పలకలమీద మరక తీయలేదు.

అప్పుడు గోడవెంట వేడినీటి గొట్టంమీద చప్పుడైంది. ఠంగ్.

అది తోంగ్ చెంచా. ఆమె పైన ఉన్నప్పుడు ఆయన మధ్యమధ్య గొట్టంమీద ఒక్కసారి కొడతాడు, ఆమె తిరిగి ఒక్కసారి కొట్టాలి. బాగున్నావా, బాగున్నాను. చెవులు వినకపోయినా చెయ్యి గొట్టంమీద పెడితే అదురు తెలుస్తుందట. ఆమె చుట్టూ చూసింది. వంటింట్లో నియే గరిటె దొరికింది. ఒక్కసారి కొట్టి ఊరుకుంటే సరిపోయేది.

"ఒక్కసారే కొడదామనుకున్నా తమ్ముడూ," అంది నాతో. "చెయ్యి ఆగలేదు. ఆ మంచం చూస్తూ కొడుతూనే ఉన్నా. నా చెయ్యే కాదనిపించింది."

ఆమె ఆపింది. కిందనుంచి చెంచా చప్పుడు లేదు.

ఎంతసేపు చూసినా లేదు. తర్వాత తలుపు రంధ్రంలోంచి సన్నగా వినపడింది. మూడో అంతస్తులో తలుపు తెరుచుకున్న కిర్రు. చెప్పుల ఈడ్పు. ఒక మెట్టు. దగ్గు. ఇంకో మెట్టు.

ఆమె రంధ్రానికి నోరు పెట్టి అరిచింది. "రాకు! నాకేం కాలేదు! లోపలికి పో!" చెవిటివాడికి ఏం వినపడుతుంది? మెట్టు, దగ్గు, మెట్టు. తర్వాత దగ్గు ఒక్కటే.

కింద, ఎలుగుబంటి గుడారంలోకి తల పెట్టిన చోట నా కథ ఆగిపోయింది. పైన బొంతమీద తెల్లజుట్టు, చాచిన రెండు చేతులు.

"మెంగ్! మా ఆయన మెట్లమీదున్నాడు! గొట్టం లేదు! పరిగెత్తండయ్యా!"

మెంగ్ నోరు తెరిచాడు. "అదెవరు, నియే ఇంట్లో..."

"ఈ ఇళ్ళల్లో ఎవరూ లేరు! ఆయన్ని పట్టుకునేవాడు లేడు! పరిగెత్తు!"

పరిగెత్తాం. పరుగంటే మా వయసు పరుగు, కమ్మీ పట్టుకుని మెట్టుకో బూతు. తోంగ్ నాలుగో అంతస్తు దాటాక మలుపులో గోడకానుకుని ఉన్నాడు. పెదాలు నేరేడుపండు రంగు. చేతిలో చెంచా వదల్లేదు. కళ్ళు పైమెట్లమీదే. మెంగ్ చంకల కింద, నేను కాళ్ళ దగ్గర పట్టుకుని దింపాం. మూడో అంతస్తుకి ఎన్ని మెట్లో అప్పుడు లెక్కపెట్టాను, ఇప్పుడు గుర్తులేదు. గొట్టం ముక్కుకి పెట్టాక చాలాసేపు ఏమీ జరగలేదు. యంత్రం మాత్రం బుసకొడుతోంది. మెంగ్ మంచం పక్కన మోకాళ్ళమీద కూలబడి, "లాగు పెద్దాయనా, లాగు, లాగు," అంటున్నాడు, ఎద్దుని అదిలించినట్టు. గోళ్ళ కింద నలుపు తగ్గేదాకా నేను ఆ గోళ్ళే చూశాను.

మెంగే పైకెళ్ళి ఆమెకి తలుపు తీశాడు. వచ్చేటప్పుడు దారిలో రేడియో మోగుతున్న ఇంటి తలుపు తట్టాడట, అలవాటు కొద్దీ. ఎవరూ పలకలేదు.

ఆమె వచ్చి తోంగ్ చేతిలోంచి చెంచా తీసుకుని పక్కన పెట్టింది. ఏడవలేదు. మెంగ్ గుమ్మంలో నిలబడి మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు.

"అక్కా, ఈ మెట్లదారిలో ఎన్ని కాపురాలు?"

"ఒకటి."

"మిగతావి?"

"మిగతావీ నేనే."

ఆయన పుస్తకం తెరిచి మూశాడు. "చూడక్కా, కిందున్నప్పుడే ఐదని రాసుకున్నా. మా పైవాడు కూడా మెట్లెక్కే రకం కాదు. నేనేం చూడలేదు, నువ్వేం చెప్పలేదు. వేడి వస్తుంది. ఏమంటావ్?"

ఇంతకాలం ఆమె తాపత్రయపడింది ఆ మాటకే కదా. ఆమె మాత్రం గోడవైపు చూస్తూ ఉండిపోయింది. అవతలి ఇల్లు ఖాళీ. పైన ఖాళీ, కింద ఖాళీ.

"నువ్వివాళ సిగరెట్టు తాగకుండా వెళ్ళిపోయి ఉంటే?" అని అడిగింది.

మెంగ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కిందనుంచి చూసినవాడికి ఇంటినిండా జనం కనపడతారు. నియేకి దీపం వెలిగినట్టే. ఒకటని రాయి."

మంచంమీదనుంచి తోంగ్ ఆమె పెదాలు చదివాడో, ముఖం చదివాడో. తల అడ్డంగా ఊపాడు. "దింపొద్దే..." అన్నాడు, గొంతులో గాలి తప్ప మాట లేదు.

ఆమె ఆయన చెవి దగ్గర వంగి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "నాకు భయంగా ఉంది. ఇక్కడ నువ్వు పోతే నేనుంటాను. నేను పోతే? చెంచాతో ఎవర్ని పిలుస్తావ్?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇంక కాదనలేదు.

మూడోరోజు మధ్యాహ్నం దింపాం. నలుగురం. మెంగ్, నేను, మెంగ్ తీసుకొచ్చిన పాత గనివాళ్ళు ఇద్దరు. నాకు అరవైయెనిమిది, మోసేవాళ్ళలో మెంగ్ తర్వాత చిన్నవాణ్ణి. వెనక ఆనుడు ఉన్న కుర్చీకి తోంగ్‌ని బెల్టులతో కట్టాం. ఆక్సిజన్ సంచులు రెండు, ఒక్కోటి పావుగంటకి మించి రాదు. ఒకటి ఆయన ఒళ్ళో, ఒకటి ఆమె చంకలో. ఆమె వెనక్కి నడుస్తూ మా ముందు దిగింది, సంచి నొక్కుతూ, కళ్ళు ఆయన పెదాలమీదే. మేం జారితే ముందు నలిగేది ఆమే.

"మెట్టు," అనేది. "మెట్టు. ఆగండి. మెట్టు."

రెండో అంతస్తు మలుపులో మెంగ్ మోకాలు టక్కుమంది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. నా భుజం గోడకి గీసుకుపోయింది. పట్టుకోడానికి ఐదోవాడు ఆ మెట్లదారి మొత్తంలో లేడు. ఎవరూ కేకెయ్యలేదు, కేకకి పోసే ఊపిరి లేదు. ఆమె ఒక అరచెయ్యి కుర్చీకి ఆన్చి, రెండో చేత్తో సంచి నొక్కుతూనే ఉంది. మెంగ్ పళ్ళు బిగించి లేచాడు. "మెట్టు," అందామె.

బయట మంచు. మూడేళ్ళ తర్వాత తోంగ్ నెత్తిన ఆకాశం. ఆయన నా మణికట్టు పట్టుకుని, "ఇంకా ఎంత దూరం?" అన్నాడు. రెండువందల అడుగులు. మొదటి సంచి అప్పటికే చదునైంది. ఆమె రెండోది అందుకుని, గొట్టం మార్చేటప్పుడు రెండుసార్లు జారి, మూడోసారి కుదిరింది. ఆ మధ్యలో ఆయన ముఖం వైపు మేం నలుగురం చూడలేదు. అడుగులే చూసుకున్నాం.

ఏడో నంబరు భవనం, కింది అంతస్తు. గది వెచ్చగా ఉంది, అక్కడ ముందే వేడి వదిలారు. యంత్రం ప్లగ్గు పెట్టగానే బుసకొట్టింది. పైనెవరో కుర్చీ లాగుతున్నారు. పక్కింట్లో టీవీ, ఎవరో ముసలావిడ ఎవరినో తిడుతోంది. తోంగ్ గోళ్ళకి నెమ్మదిగా రంగొచ్చి, అలసటకి నిద్రపోయాడు.

షూఛిన్ మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. మెంగ్ భార్య వేడిగా దంప్లింగు కుడుములు తెచ్చిపెట్టింది. "కోటు విప్పు అక్కా, చెమటలు కారుతున్నాయి," అంది.

"విప్పుతాలే," అంది ఆమె.

సాయంత్రం నేను వెళ్ళిచూస్తే అలాగే కూర్చుని ఉంది. ఇంకా ఎక్కాల్సిన ఇళ్ళున్నట్టు కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, చెప్పులు కూడా విప్పకుండా, పైన నడుస్తున్న అడుగులు ఎటు పోతున్నాయో వింటూ.